ఏడుపు చీటీ

“ఏడుపొస్తలేదు డాక్టరమ్మా! పొద్దుగూకేలోపు ఎట్లన్న జేసి నన్ను ఏడిపియ్యాలె!”

పట్టుచీరలో వచ్చిన గంగామణి కుర్చీలో కూర్చోకముందే మొరపెట్టుకుంది. గొంతు వణుకుతోంది. ముఖం మాత్రం ఇస్త్రీ చేసిన గుడ్డలా ఒక్క మడత లేకుండా నిగనిగలాడుతోంది.

డాక్టర్ ప్రవళిక కంగారుపడింది. ఫ్యామిలీ డాక్టర్ కోర్సు చదువుతూ ఆర్మూర్‌లోని ఆ దవాఖానకు శిక్షణకు వచ్చి నాలుగు నెలలే అయింది. ముఖం కదలడం లేదంటే పక్షవాతమేమోనని ఆమెతో చేతులు ఎత్తించింది, కళ్ళు మూయించింది, పేరు చెప్పించింది. అన్నీ బాగానే ఉన్నాయి.

“పక్షవాతం గాదు బిడ్డా. సూదులు ఏపిచ్చుకున్న. పెండ్లి ఫోటోలల్ల ముడతలు కనపడొద్దని పార్లర్ల గీడ, గీడ, గీడ.” నుదురు, కళ్ళ పక్కలు, గదుమ చూపించింది. “పదిరోజులాయె. ఇయ్యాలనే నా బిడ్డ లగ్గం. హాల్ల ఇంక బువ్వలు నడుస్తున్నయ్. సాయంత్రం అప్పగింతలు. అందరి ముంగట పిల్లను పట్టుకొని ఏడ్వాలె గద! పొద్దున అద్దం ముంగట ఏడ్సి చూసుకున్న. నీళ్ళు కారుతున్నయ్ గని మొహం ఏడుస్తలేదు!”

“నీళ్ళొస్తున్నయ్ గదమ్మా, చాలదా?”

“ఏం చాలుతది? దూరంకెల్లి చూస్తే నవ్వినట్టే ఉంటది. మా ఆడబిడ్డ మంగవ్వ బయటనే కూసుంది. బీపీ చూపిచ్చుకుంటనంటే ఎంబడి పడ్డది. ఏ పెండ్లిల ఎవలు ఎంత ఏడ్సిండ్రో ముప్పై ఏండ్లసంది లెక్క చెప్తది. భీమ్‌గల్ పెండ్లిల తల్లి తక్కువ ఏడ్సిందని గిప్పటికీ అంటది. ఇగ నన్ను ఇడుస్తదా?”

ప్రవళిక తలుపు సందులోంచి చూసింది. మంగవ్వ బెంచీ మీద బిగుసుకుని కూర్చుంది. పక్కన పసుపు మిల్లులో పనిచేసే ఎల్లయ్య తుమ్ము మీద తుమ్ము తుమ్ముతూ, ఒంటి మీది పచ్చటి దుమ్మంతా అందరి మీదా దులుపుతున్నాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. ఆమె ఒక్కతే నవ్వలేదు.

“చూసినవా, ఎంత కోపం మీదున్నదో!” అంది గంగామణి.

ప్రవళికకు ఏదో గుర్తొచ్చి హుషారుగా లేచింది. “ఫికర్ చెయ్యకుండ్రి! దీనికి విరుగుడు సూది ఉంది. చదివిన నేను!” ఎందుకైనా మంచిదని పెద్ద డాక్టర్ లింబాద్రికి ఫోన్ చేసింది.

“అది ఫిల్లర్‌కు విరుగుడు తల్లీ,” అన్నాడాయన. “చర్మం కింద నింపుతరు చూడు జెల్లు, దాన్ని కరిగిస్తది. గామెకు ఏసింది బొటాక్స్. దానికి విరుగుడు లేదు. మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతది.”

“మీరెప్పుడు మాకు చెప్పలేదు గద సార్!”

“నాకెవలు చెప్పిండ్రు? నిరుడు ఒకామె అడిగితే తెల్లమొహం ఏసి, గప్పుడు చదువుకున్న.”

ప్రవళిక ఫోన్ పెట్టేసి మూడు నెలలు ఆగాలనగానే గంగామణి ఘొల్లుమంది. కళ్ళు ధార కట్టాయి. ముఖం మాత్రం ఫోటో దిగుతున్నట్టే ప్రశాంతంగా ఉంది. ప్రవళికకు జాలేసింది, అంతలోనే నవ్వు తన్నుకొచ్చింది, నవ్వొచ్చినందుకు సిగ్గేసింది. పెదవి కొరుక్కుని చీటీల పుస్తకం ముందుకు లాక్కుంది.

“మందు లేదు గని, చీటీ రాసిస్తనమ్మా.” రాసి పైకి చదివింది. “‘గంగామణి గారి ముఖ కండరాలు వైద్య కారణాల వల్ల మూడు నెలలు పనిచేయవు. ముఖం ఎలా ఉన్నా, ఆమె లోపల ఏడుస్తున్నట్టుగా బంధువులు భావించవలెను.’”

సంతకం పెట్టి, దవాఖాన ముద్ర గట్టిగా గుద్దింది. గంగామణి ఆ చీటీని కళ్ళకద్దుకుంది.

“మైకుల చదివిపిస్త బిడ్డా! నీ కడుపు సల్లగుండ!”

అంతలో తలుపు దడాలున తెరుచుకుంది. “బీపీకి గింతసేపా?” అంటూ మంగవ్వ లోపలికొచ్చి, మరదలి చేతిలోని చీటీ లాక్కుంది. అక్షరం అక్షరం చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. గంగామణి కొంగు నోట్లో కుక్కుకుంది. మైకు దాకా పోకముందే పరువు పోయిందని ఆమెకు అర్థమైపోయింది.

ప్రవళిక భయంభయంగా మంగవ్వ ముఖంలోకి చూసింది. కోపం లేదు, నవ్వు లేదు, కనీసం ఆశ్చర్యం కూడా లేదు.

మంగవ్వ వెనక్కి తిరిగి తలుపు గడియ పెట్టింది. గొంతు బాగా తగ్గించింది.

“గిసొంటిదే నా పేరు మీద గూడ ఒకటి రాయి బిడ్డా.”