తూనీగ పంపిన మూడు వరుసలు

"అక్కా, తూనీగ మళ్లీ వచ్చాడు."

అన్నాడు తాళాలాయన. ఎవరు రాసిన కోడ్ అయినా ఆయన తాళం తీస్తేనే లోపలికి పోతుంది. అందుకే ఆఫీసులో ఆయనకా పేరు. తూనీగ అంటే, ఆ మారుపేరుతో బయటినుంచి కోడ్ రాసి పంపే మనిషి.

అక్క కుర్చీ తిప్పింది. జట్టుకు పెద్ద ఆవిడే. వాళ్లు తయారుచేసేది లినక్స్ కంప్యూటర్లలో ప్రోగ్రాములను ఎక్కించే, తీసేసే పనిముట్టు. ఏ ప్రోగ్రామూ ఒంటరిగా రాదు, తోడుకు నాలుగింటిని వెంటబెట్టుకొస్తుంది. ఏది దేనిమీద ఆధారపడిందో చూసి తోడువాటిని తేవాలి. అసలుది పోయాక, ఎవరికీ అక్కరలేని తోడువాటిని ఊడ్చెయ్యాలి. ఆ భాగమంతా అక్క రెండేళ్లు తలకాయ బద్దలు కొట్టుకుని తిరగరాసింది. శుక్రవారం విడుదల.

"ఏమంటాడు?"

"పాత పాటే. దేన్నయినా ఊడ్చేముందు వాడేవాళ్లను ఒకమాట అడగాలట. మూడు వరుసల కోడ్ రాసి పంపాడు."

"ఏది ఊడిస్తే ఆయనకంత నొప్పి?"

తాళాలాయన తెరమీద ఒక పేరు చూపించాడు. శబ్దానికి సంబంధించిన ఏదో చిన్న ముక్క. పదకొండేళ్లుగా దాన్ని ముట్టుకున్న నాథుడు లేడు. ఒక పాత పాటల ప్రోగ్రాం వెంట వచ్చింది; లెక్కల్లో దాన్ని వాడేది అదొక్కటే. ఈ విడుదలతో ఆ పాటల ప్రోగ్రాం పోతోంది, దాంతో ఇదీ పోతుంది.

"అద్దెకున్నాయన ఖాళీ చేశాక ఆయన మంచం మనకెందుకు?" అంది అక్క.

"కోడ్ మటుకు శుభ్రంగా ఉందక్కా. వంక పెట్టడానికి లేదు."

"నాకు అనుమానం అందుకే."

అక్క అనుమానం ఊరికే పుట్టింది కాదు. వేరే జట్టులోకి ఇలాగే ఒక ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి, రెండేళ్లు మంచివాడనిపించుకుని, కోడ్‌లో దొంగ తలుపు పెట్టిపోయాడు. వీళ్ల కోడ్ కూడా అందరికీ తెరిచి ఉన్నదే. ఎవడో ఎత్తుకుపోతాడన్న భయం లేదు. ఏం పెట్టిపోతాడో అన్నదే భయం.

పైగా తూనీగ తీరే వేరు. తెర ఫొటో తీసి పంపితే, "బొమ్మ వద్దండి, అందులో ఉన్నది అక్షరాలుగా పంపండి" అంటాడు. ఎందుకో చెప్పడు. జవాబు రాస్తే, "మీ ఉత్తరం విన్నాను" అని మొదలుపెడతాడు.

"విన్నాడంటే ఎవరో చదివి వినిపిస్తున్నారు," అంది అక్క. "వెనకాల ముఠా ఉంది. చూస్తూ ఉండు."

తానే కూర్చుని అడిగింది. ఆ ముక్క పోతే ఎవరికి ఇబ్బంది?

"వాడేవాళ్లకండి," అని జవాబు.

మీరెవరు?

"వాడేవాణ్ని."

అక్కకు ఒళ్లు మండింది. "వీడియోలోకి వచ్చి మొహం చూపించండి. మొహం తెలియనివాళ్ల కోడ్ మేం తీసుకోం," అని రాసింది.

ఎప్పుడూ రెండు నిమిషాల్లో జవాబిచ్చేవాడు ఈసారి అరగంట తీసుకున్నాడు.

"మా ఇంట్లో కెమెరా లేదండి. ఫోన్లో మాట్లాడుకుందామా?"

"గొంతుదేముంది, ఎవరైనా మాట్లాడతారు," అని అక్క తెరమీద ఆ కిటికీ మూసేసింది. "ఆయనకు చూసుకుంటామని రాసెయ్."

తాళాలాయన నసిగాడు. "ఆ వరుసలు కలపకుండానే?"

"చూసుకుంటామంటే కలుపుతామని కాదుగా. విడుదలయ్యేదాకా మన ప్రాణం తియ్యకుండా ఉంటాడు."

ఆయన అలాగే రాశాడు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "పెద్ద బరువు దించారు. చాలా సంతోషం."

శుక్రవారం విడుదలైంది. వారం గడిచింది, ఒక్క ఫిర్యాదు లేదు. పన్నెండు రోజులు గడిచాయి, అయినా లేదు. జట్టంతా అక్క బల్ల చుట్టూ చేరి కాఫీలు తాగారు.

తూనీగ మాత్రం ఆ శుక్రవారం నుంచి అజాపజా లేడు.

"పప్పులుడకలేదని జారుకున్నాడు," అంది అక్క. తన అనుమానం నిజమైనందుకు ఆవిడకు లోలోపల సంబరంగానే ఉంది.

పదమూడో రోజు ఆఫీసు ఫోను మోగింది. అక్కే ఎత్తింది. అవతల ఒక పెద్దావిడ గొంతు.

"తూనీగ అని మీకు రాస్తుంటాడే, వాళ్లమ్మనమ్మా. పక్కింటి పిల్లనడిగి మీ నంబరు వెతికించాను."

అక్క నిటారుగా కూర్చుంది. "చెప్పాల్సింది ఏమైనా ఉంటే ఆయన్నే రాయమనండి."

"ఎలా రాస్తాడమ్మా? మీ కొత్తది ఎక్కించిన దగ్గర్నుంచి వాడి కంప్యూటర్‌కి మాట పడిపోయింది. మీరు చూసుకుంటామన్నారని మొదటిరోజే ఎక్కించుకున్నాడు. పదమూడు రోజులుగా దాని ముందు చేతులు ముడుచుకు కూర్చున్నాడు. చేసే పని కాస్తా నిన్న వేరేవాళ్లకిచ్చేశారు."

అక్క తూనీగ పంపిన మూడు వరుసలను తెరమీద తెరిచింది.

"వాడిలాంటివాళ్లు చాలామంది ఉన్నారట. వాళ్లవీ మూగబోయాయట. రాయడానికి దారిలేక అందరూ వాడికే ఫోన్లు చేసి మొత్తుకుంటున్నారు."

అక్క ఫిర్యాదుల పేజీ వైపు చూసింది. అది ఖాళీగానే ఉంది.

"ముందే ఒక్కమాట చెప్పి ఉంటే…" అంది.

"నేనూ అదే అన్నానమ్మా. కోడ్ బాగుంటే తీసుకోవాలి గానీ జాలిపడి తీసుకోకూడదన్నాడు."

"వీడియోలోకైనా రావాల్సింది కదండీ."

"మా ఇంట్లో కెమెరా ఎందుకుంటుందమ్మా?" అందావిడ నెమ్మదిగా. "వాడు పుట్టి నలభయ్యేళ్లయింది, ఇంతవరకు ఒక్క మొహమూ చూసి ఎరగడు, నాదైనా సరే."