ఆఖరి తొట్టిలో చేప

“మీ మీటరు అబద్ధమాడుతోందమ్మా,” అన్నాడు మేస్త్రి, నీళ్ల తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మతో. “చేప అబద్ధమాడదు.”

కంచు విగ్రహాలను యాసిడ్‌తో కడిగిన నీళ్లు మూడు తొట్లు దాటితే గానీ కాలవలోకి పోవు. ఆఖరి తొట్టిలో ఎర్ర చేప ఒకటి, తోక మీద నల్లమచ్చతో, తీరిగ్గా తిరుగుతోంది. దాన్ని తెచ్చి వదిలింది మేస్త్రి కూతురు. “ఇది బతికుంటేనే నీళ్లు వదులు నాన్నా, కింద తాగేవాళ్లుంటారు,” అని షరతు పెట్టింది. ఆ పిల్ల జ్వరమొచ్చి పోయి ఆరేళ్లయింది. చేప మాత్రం ఉంది. రోజూ దాన్ని కళ్లారా చూశాకే అతను వాల్వు తిప్పుతాడు. వర్క్‌షాపులో అతను నమ్మే రూలు అదొక్కటే.

“రాగి ఇంతుంటే చేప నాలుగు రోజులు కూడా బతకదు మేస్త్రిగారూ. కింద బావుల నీళ్లు తాగి జనం మంచాన పడుతున్నారు.”

“ఆరేళ్లు బతికింది కదమ్మా. మేత వేసేది మా ఆవిడే, అడగండి.”

అతని భార్య కొంగు నలుపుకుంటూ, “చూస్తున్నారుగా,” అంది, ఎవరి వంకా చూడకుండా.

“వయసు మీద పడి దీని మచ్చ కూడా చోటు మారుతోంది,” అని మేస్త్రి నవ్వబోయాడు.

ఆఫీసరమ్మ నొచ్చుకుంటూనే వాల్వుకు సీలు వేసింది. సాయంత్రానికి తొట్లు ట్యాంకరులోకి ఖాళీ చేయమంది.

ఆమె వెళ్లాక మేస్త్రి తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ల పని ఆగిపోయినందుకు కాదు, పాపకిచ్చిన మాట నిలబెట్టుకున్నా దొంగలా చూశారే అని.

“షాపు పోతే పోనీ. దీన్నెక్కడ ఉంచుదాం?” అన్నాడు భార్యతో, చేపను చూపిస్తూ.

“ఇంట్లో బిందె ఉందిగా.”

“బిందెలో ఊపిరాడదే. గాజుతొట్టి కొందాం పద.”

“మీరుండండి, నేను వెళ్లి తెస్తాను.”

“పాప చేపకి ఇల్లు కొంటూ నేను రాకపోవడమేంటి?” అంటూ అతనే చేపను క్యానులోకి తీసుకున్నాడు. దారంతా నీళ్లు తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. ఆమె నాలుగడుగులు వెనకే ఉండిపోయింది.

వీధి చివర రంగు చేపల కొట్టులో మేస్త్రి క్యానును బల్ల మీద పెట్టాడు. “దీనికి సరిపడా తొట్టి ఇవ్వు బాబూ. మా అమ్మాయి చేప.”

కొట్టువాడు క్యానులోకి తొంగిచూశాడు. తర్వాత మేస్త్రి భుజం మీదుగా, గుమ్మంలో ఆగిపోయిన ఆమెను చూసి పలకరింపుగా నవ్వాడు.

“ఈసారి బతికే ఉందా అమ్మా?”