చుట్టాలను గుర్తుపట్టిన రక్తం

లాక్‌డౌన్ ఎత్తేసినంక డాక్టర్ సుప్రజ ఫోన్ చేసింది. సూరత్‌ల మా అమ్మ గర్భసంచి మూతి క్యాన్సర్‌కు మందిచ్చిన తెలుగు డాక్టరమ్మ ఆమె.

"సంపత్, మార్చిలో తీసిన మీ అమ్మ రక్తం ఫలితం వచ్చింది. అందులో రోగాలతో పోరాడే టీ కణాలు క్యాన్సర్ తెచ్చిన వైరస్‌నే కాదు, దాని చుట్టాల్లాంటి వేరే రకాలను కూడా గుర్తుపట్టి కొట్లాడుతున్నాయి. ఆమెను మళ్ళీ తీసుకురా."

"ఎక్కడికెల్లి తేవాలె మేడం? లాక్‌డౌన్‌ల మీ దవాఖాన గేటు కాడినుంచే ఎల్లగొట్టిన్రు. అమ్మ బమ్రోలిల మేముండే కిరాయి ఖోలీలనే పానమిడిసింది. కరోనా అని మా చుట్టం ఒక్కడు తలుపు తియ్యలే. మిల్లుల గుడ్డ తానులు మోసే బండి మీద నేనొక్కణ్ణే కాటికి తీస్కపోయిన."

నేనే మళ్ళ అడిగిన.

"ఆ రక్తం ఇంకా మీ కాడ ఉందా?"

"కొంచెం ఉంది."

"జర పారబొయ్యకుండ్రి మేడం. అమ్మది గదొక్కటే ఇంకా కొట్లాడుతున్నది."