పగులు మీద పట్టీ

“ఏవండీ, ఆ టేపు కాస్త గట్టిగా పట్టుకోండి. అది అలా జారిపోతుంటే కొలత ఏం తేలుతుంది?”

స్టూలెక్కిన లెక్కల మాస్టారు టేపు కొసను కప్పుకు ఆనించారు. ఆయన కళ్ళెదుటే, హాలు వెనక గోడా కప్పూ కలిసేచోట, ఈ మూల నుంచి ఆ మూల దాకా పగులు పాకి ఉంది. పుట్టీ పెట్టించి రంగు వేయించారు. తెరుచుకుంది. మళ్ళీ పెట్టించారు. మళ్ళీ తెరుచుకుంది. పునాది ఆ పక్కకి కుంగుతోందని ఇంజనీరు చెప్పి వెళ్ళిన రోజే, ఇల్లు అమ్మేద్దామని భార్య తేల్చేసింది. ఆవిడ తేల్చింది ముంచగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

“ఈ ఒక్క గోడకే కప్పు అంచున పట్టీ కట్టిస్తే దొంగ దొరికిపోతాడు. నాలుగు గోడలకీ కట్టించాలి. అందం కోసం అనుకుంటారు,” అందావిడ, కొలతలు కాగితం మీద వేసుకుంటూ.

“పాపం కదే? కొనేవాళ్ళు లోకం తెలియని కుర్రజంట.”

“మనం కొన్న కొత్తింటికి ఉన్నదంతా ఊడ్చిపెట్టాం. ఇది అమ్ముడుపోకపోతే బ్యాంకు వాయిదాలు మీ పాపపుణ్యాలు కడతాయా?”

మాస్టారు టేపు చుట్టేసి స్టూలు దిగారు. లెక్క తప్పితే ఫరవాలేదు, తప్పుని దాచారంటే ఊరుకోనని రోజూ క్లాసులో పిల్లల మీద గొంతు చించుకునే మనిషి! సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

సాయంత్రం రంగుల షాపువాడు పంపిన మేస్త్రి వచ్చాడు. స్టూలెక్కి పగులులో వేలు పెట్టి చూశాడు.

“థర్మాకోల్ పట్టీ చవకే గానీ, వెనకాల గోడ కదిలితే ఊడి నెత్తిన పడుతుంది. చెక్క పట్టీ ఖర్చు మీరు తట్టుకోలేరు. పీఓపీతో, అంటే ప్లాస్టరుతో, కట్టించుకోండమ్మా. వెడల్పు ఎంత ఉండాలి?”

“పగులంత...” అని నాలిక కరుచుకున్నారు మాస్టారు. “అదే, అందానికి ఎంత కావాలో అంత.”

ఆవిడ ఫోను తీసి చూపించింది. “ఇది మా కొత్తింటి హాలు. అచ్చం ఈ డిజైనే కావాలి. ఎంత ముచ్చటగా ఉందో చూడు! ఇది చూసే ఆ ఇంటి మీద మనసు పడ్డాం. ఎంత తీసుకుంటావు?”

మేస్త్రి అడుగుకి ఇంతని చెప్పాడు.

“అమ్మో! మేమేమన్నా మేడలు కట్టుకుంటున్నామా? ఉన్నదంతా ఆ ఇంటికే కట్టేశాం నాయనా. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు.”

“అయిపోయిందా?” మేస్త్రి ఫోను తిరిగిచ్చేశాడు. “సరేలెండి. నా కూలి వదిలెయ్యండి. సరుకు ఖర్చు ఇవ్వండి చాలు.”

అతను గేటు దాటగానే ఆవిడ చేతులు తిప్పుతూ అంది: “చూశారా? బేరమాడటం రావాలండీ! మీరు మాట్లాడుంటే ఎదురు బక్షీసు కూడా ఇచ్చేవారు.”

మాస్టారికి నవ్వు రాలేదు. కూలి వద్దనే మేస్త్రిని ఆయన ఎక్కడా చూడలేదు. మన మోసం పసిగట్టేశాడు, ఈ డబ్బు ముట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. అంతే, ఇంకేం కారణం ఉంటుంది?

పని జరిగినన్నాళ్ళూ ఆ అనుమానం ముదిరింది. టీ ఇస్తే మేస్త్రి తాగడు. పలకరిస్తే తలెత్తడు. ఉండబట్టలేక మాస్టారే అడిగారు.

“మేస్త్రీ, మేం చేసేది తప్పంటావా?”

“నన్నడక్కండి మాస్టారూ,” అన్నాడతను, పీఓపీ కలుపుతూ.

పట్టీ పూర్తయింది. పగులు ఆనవాలు కూడా లేదు. హాలు కళకళలాడిపోతోంది. మేస్త్రి సామాను సర్దుకుంటుండగా కొనేవాళ్ళు వచ్చారు. ఆ అమ్మాయి నర్సు, నెలలు నిండుతున్నాయి. భర్త బస్సు డ్రైవరు.

“అబ్బ, ఎంత బాగుందో అంకుల్! మా కోసమేనా ఇదంతా?” ఆ పిల్ల సంబరంగా హాలంతా తిరిగి, వెనక గోడ దగ్గర ఆగింది. “ఉయ్యాల ఇక్కడే వేస్తాం.”

డ్రైవరు జేబులోంచి అడ్వాన్సు కవరు తీశాడు. మాస్టారి భార్య చెయ్యి చాచింది.

మాస్టారు ఇక ఆగలేకపోయారు. మేస్త్రి సంచిలోంచి సుత్తి లాక్కుని, స్టూలెక్కి పట్టీ మీద ఒక్కటి వేశారు. ముక్కలు జలజలా రాలాయి.

“మీకేమన్నా మతిపోయిందా!” భార్య కేక పెట్టింది.

“చూడమ్మా, ఇదీ సంగతి. పునాది కుంగుతోంది. మీకు అంటగట్టాలని దాచాం. క్షమించండి.”

నర్సు పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆ పగులు వైపే చూస్తూ ఉండిపోయింది. డ్రైవరు కవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“చెప్పినందుకు థాంక్సండీ,” అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మాస్టారి భార్య నేల మీదే చతికిలబడింది. తిడుతుందనుకున్నారాయన. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఆ ఉయ్యాల మాటకి నాకూ గుండె జారిపోయిందండీ. పోనీలెండి. పస్తులుండైనా వాయిదాలు కట్టుకుందాం. వెళ్ళడానికి గట్టి ఇల్లయినా ఉంది మనకి.”

మాస్టారికి ఎన్నాళ్ళకో మనసు తేలికపడింది. గుమ్మం దగ్గర మేస్త్రి ఇంకా నిలబడే ఉన్నాడు. అతని కళ్ళ నిండా నీళ్ళు.

“నీకెందుకయ్యా ఏడుపు? ఇన్నాళ్ళూ మమ్మల్ని చూసి అసహ్యించుకున్నావు. ఇప్పుడు సరిపోయిందిగా?”

“మిమ్మల్ని కాదు మాస్టారూ,” మేస్త్రి చేతులు జోడించాడు. “మీరు చెప్పేశాక ఇంకా దాచడం నా వల్ల కావట్లేదు.”

“ఏమిటి?”

“మీ కొత్తింట్లో పగులు మూసింది కూడా నేనే.”