తిట్ల కరువు

పాలు పొంగి పొయ్యంతా పారాయి. కోడలు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, చూస్తూ ఊరుకుంది.

వంటింటి గుమ్మంలో అత్తగారు ఆగారు. పొయ్యి వంక చూశారు. కోడలి వంక చూశారు. కోడలు ఊపిరి బిగబట్టింది.

“పోన్లే అమ్మా, పాలే కదా” అని అత్తగారు వెళ్ళిపోయారు.

కోడలి గుండె జారిపోయింది. పాలు పోయినందుకు కాదు, ఆ ‘అమ్మా’ అన్నందుకు. పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టింది మొదలు ఆవిడ తనని ‘మహాతల్లీ’ అనో ‘మహారాణీగారూ’ అనో పిలిచేవారు తప్ప ‘అమ్మా’ అని ఏనాడూ అనలేదు.

అత్తగారు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. బాత్రూములో నక్కినవాణ్ణి కూడా ఇట్టే పసిగట్టేవారట. ఆవిడ గొంతు లేస్తే టికెట్టున్నవాళ్ళు సైతం జేబులు తడుముకునేవారట. రిటైరయ్యాక రైలు లేదు కాబట్టి కోడలితో సరిపెట్టుకున్నారు. గిన్నె మీద మూత లేకపోతే తిట్టు. ఫ్యాను ఆపకపోతే తిట్టు. ఏ తప్పూ దొరక్కపోతే, ఏదో దాస్తోందని తిట్టు. కోడలూ ఊరుకునే రకం కాదు, మాటకి మాట అప్పజెప్పేది. వాళ్ళిద్దరి మధ్యా మొగుడు ప్రశాంతంగా పేపరు చదువుకునేవాడు. ఇల్లు కళకళలాడుతూ ఉండేది.

అలాంటి ఇంట్లోకి రొమ్ము కేన్సరు వచ్చింది. ఆపరేషనైంది, మందులెక్కించారు, కరెంటు పెట్టారు. “ఇక భయం లేదు, మామూలుగా ఉండండి” అని డాక్టరమ్మ పంపించేసింది. కేన్సరు పోయింది. పోతూ పోతూ తిట్లని కూడా వెంటబెట్టుకుపోయింది.

ఇప్పుడు అందరూ మెల్లగా మాట్లాడతారు. వంటింట్లో సామానంతా, చెయ్యెత్తే పని లేకుండా, కింది అరల్లోకి దిగింది. హాల్లో అద్దానికి తువ్వాలు కప్పి ఉంది. ఎందుకని ఎవరూ అడగరు. చెయ్యి బిగుసుకుపోకుండా చేసే వ్యాయామాల బొమ్మలు ఫ్రిజ్ తలుపు మీద వేలాడుతున్నాయి. వాటి వంక ఎవరూ చూడరు. కోడలు కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగానికి సెలవు పెట్టింది. షాపువాళ్ళు ఫోన్ చేసి “ధైర్యంగా ఉండు, అంతా సర్దుకుంటుంది” అన్నారు.

ఆస్పత్రిలో కౌన్సిలరు ఇంటిల్లిపాదినీ విడివిడిగా పిలిచి మాట్లాడింది. కోడలు లోపలికి వెళ్ళేసరికి అత్తగారు బయట బెంచీ మీద కూర్చుని ఎదుటి గోడని చూస్తున్నారు.

“ఇంట్లో మీకు అన్నిటికన్నా లోటుగా ఏది అనిపిస్తోంది?” అంది కౌన్సిలరు.

“తిట్లండీ.”

“ఎవరి తిట్లు?”

“మా అత్తగారివి.”

కౌన్సిలరు పెన్ను కింద పెట్టింది. “పోనీ, తిట్టమని ఆవిడనే అడక్కపోయారా?”

“అడిగి తిట్టించుకుంటే ఏం బాగుంటుందండీ? తిట్టు కడుపులోంచి రావాలి.”

“అయితే మీ ప్రయత్నం మీరు చెయ్యండి. జబ్బు పోయినంత తొందరగా మనిషి వెనక్కి రాదమ్మా.”

కోడలు ప్రయత్నం మొదలుపెట్టింది. తడి తువ్వాలు మంచం మీద పడేసింది. అత్తగారు తీసి కుర్చీ మీద వేశారు. పట్టపగలు లైట్లన్నీ వేసింది. అత్తగారు కళ్ళు చికిలించుకుని కూర్చున్నారు. టీలో పంచదారకి బదులు ఉప్పు వేసింది. అత్తగారు ఆఖరి చుక్క దాకా తాగి, “బావుందమ్మా” అన్నారు.

ఆ రోజు కోడలు బాత్రూములో కుళాయి తిప్పి కుమిలి కుమిలి ఏడ్చింది. బతకడం అంటే ఇంతేనా అని భయం వేసింది.

మొగుడికి అనుమానం వచ్చింది. “నీకేమైంది? ఇవన్నీ కావాలనే చేస్తున్నావా?”

“నాకేం, నిక్షేపంలా ఉన్నాను.”

“అమ్మ పల్లెత్తు మాట అనట్లేదు కదా, సంతోషించక!”

“అదేగా నా ఏడుపు” అంది కోడలు.

ఇక బ్రహ్మాస్త్రం ఒక్కటే మిగిలింది. అత్తగారి టికెట్ పంచ్. టికెట్లకు చిల్లు పొడిచే ఆ పనిముట్టుని ఆవిడ మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకున్నారు. దాన్ని ముట్టుకునే ధైర్యం కన్నకొడుక్కే లేదు.

మర్నాడు పొద్దున్న కోడలు దాంతో పాల ప్యాకెట్టుకి చిల్లు పొడిచింది. అత్తగారు చూస్తున్నారని రూఢి చేసుకుని, పాలు కారుతుండగానే, పంచ్‌ని ఖాళీగా ఉన్న పై అరలోకి విసిరేసింది.

అత్తగారు కొంగు నడుముకి దోపారు.

“ఏమే!”

గిన్నెలు అదిరాయి.

“ఏమే మహాతల్లీ! ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా చేతిలో ఆడిన పంచ్ అది! పాల ప్యాకెట్లకా? ఇంట్లో కత్తెర చచ్చిందా?”

“ఊరికే తుప్పు పట్టిపోతోందని వాడానత్తయ్యా” అంది కోడలు.

“తుప్పా? తుప్పు పట్టింది నీ బుర్రకి! ఉప్పు టీ పోస్తే ఊరుకున్నాను. పట్టపగలు లైట్లేస్తే ఊరుకున్నాను. నెత్తికెక్కి కూర్చున్నావ్!”

మొహం నిండా సబ్బు నురగతో మొగుడు పరిగెత్తుకొచ్చాడు. “అమ్మా, ఏంటిది! డాక్టరమ్మ ఏం చెప్పింది?”

“నువ్వు నోర్మూసుకో!” అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే.

కోడలికి కళ్ళనీళ్ళు ఆగడం లేదు. ఇంత సంతోషం పెళ్ళిలో కూడా ఎరగదు. పంచ్ తీసి ఇవ్వబోయింది.

“తప్పుకో అవతలికి, నేనే తీసుకుంటాను” అంటూ అత్తగారు పై అర మీదికి ఎడమ చెయ్యి చాచారు. రొమ్ము తీసేసిన వైపు చెయ్యి, డాక్టరమ్మ ఎంత బతిమాలినా ఇన్నాళ్ళూ భుజం దాటి లేవని చెయ్యి.