మామగారి పడక్కుర్చీ

ముందు మెట్ల మలుపులో పడక్కుర్చీ కనిపించింది. తర్వాత దాని కింద రెండు కాళ్లు కనిపించాయి. అవి తన కొడుకు కాళ్లని గుర్తుపట్టగానే అత్తగారు గుమ్మంలోకి ఉరికింది.

"ఛీ ఛీ! నువ్వు మోస్తున్నావేంట్రా బుజ్జిగా? బండివాడు చచ్చాడా?"

"కింద దింపేసి వెళ్లిపోయాడమ్మా. మూడంతస్తులేగా," అంటూ కొడుకు ఆ టేకు కుర్చీని ముందుగదిలో దించాడు. బనియను ఒంటికి అతుక్కుపోయింది. ముక్కు చివర నుంచి చెమట బొట్టు టప్పున నేల మీద పడింది.

అత్తగారు ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. పొద్దున దిగినప్పటి నుంచీ ఆవిడకి ఈ ఇల్లంటేనే రోత పుడుతోంది. గుమ్మంలో బురద బూట్లు. నడవలో సైకిలు, దాని చమురు మరక గోడకి. మేకుకి ఓ తాడు వేలాడుతోంది, గెంతడానికట! సోఫా ఉండాల్సిన చోట చుట్టచుట్టిన చాప తప్ప ఇంకేం లేదు. మనుషులుండే ఇల్లా ఇది, కుస్తీ గోదానా?

నిన్ననే ముప్పై నాలుగు నిండిన కొడుకుని చూస్తే ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. పెళ్లికి ముందు బుగ్గలు పొంగి, నున్నగా, ముద్దుగా ఉండేవాడు. అది తను పెంచిన తీరు. వీధిలో పిల్లలు బంతాడుతుంటే కిటికీ మూసేసి, "మోకాళ్లు చీరుకుపోతాయి నాన్నా, నువ్వు కూర్చో, ఏం కావాలో నే తెస్తా" అనేది. బడి సంచీ తనే మోసింది. కాలేజీకి వెళ్లే రోజుల్లో కూడా బూట్ల తాళ్లు తనే కట్టింది. అలాంటి వాణ్ణి ఈ పిల్ల రెండేళ్లు తిరక్కుండానే చీపురుపుల్లని చేసిపెట్టింది.

కోడలు వంటింట్లోంచి వచ్చి, కుర్చీని చూసి అక్కడే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇది... మామయ్యగారిదే కదా?"

"ఆయనదే. వాడి పుట్టినరోజని తెచ్చాను. కూర్చుని కూర్చుని గుడ్డ ఎలా గుంట పడిందో చూడు, అంత సుఖం అందులో! మగాడన్నాక ఇంటికొచ్చి ఒళ్లు వాల్చే చోటుండాలా, వద్దా?"

"వద్దండీ. వెనక్కి పంపించేద్దాం." కోడలి మొహం పాలిపోయింది.

"విన్నావురా? తెచ్చిన వస్తువుకీ మర్యాద లేదు, తెచ్చిన మనిషికీ మర్యాద లేదు!"

"తన ఉద్దేశం అది కాదమ్మా..." కొడుకు నసిగాడు.

"ఏమండీ, కూరగాయలు తేవాలి. నడిచి వెళ్లొద్దాం పదండి," అంది కోడలు గబగబా.

"మళ్లీ నడకా!" అత్తగారు భగ్గుమంది. "నీళ్ల డబ్బాలు వాడే మోయాలి, గిన్నెలు వాడే తోమాలి. తెల్లారకుండానే కుక్కలు తరిమినట్టు వీధుల వెంట పరుగులు! నీకు మొగుడు కావాలా, గానుగెద్దు కావాలా అమ్మాయ్?"

"నాకు ఈయన కావాలి అత్తయ్యా." కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చాల్లే, దొంగ ఏడుపులు. మీ మామగారిని నేనెలా చూసుకున్నానో తెలుసా? మంచినీళ్ల కోసం కూడా లేవనివ్వలేదు. ఆఫీసు నుంచి రాగానే కుర్చీ. అన్నం కుర్చీలోకే. చెయ్యి కడుక్కోవడానికి గిన్నె కూడా కుర్చీ దగ్గరికే. ఒక్కనాడు కాలు కింద పెట్టనిచ్చానా అని!"

"అదేనండీ నా భయం."

"ఎందుకుండదూ? ఒళ్లు వంచి మొగుడికి చెయ్యాలంటే భయమే మరి!"

కొడుకు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అమ్మ కూర్చోమంటే కూర్చోవడం వాడికి చిన్నప్పుడే అలవాటైపోయింది. "కాసేపేగా," అంటూ కుర్చీలో వాలాడు. నడుము ఆ గుంటలో కొలిచి చేసినట్టు సరిపోయింది.

అత్తగారు పీట లాగి వాడి పాదాలు దాని మీద పెట్టింది. నుదురు తుడిచింది. గ్లాసు పెదాలకి అందించింది. వాడు రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకున్నాడు.

"చూడు, అచ్చం వాళ్ల నాన్నే!" అంది మురిసిపోతూ.

కోడలు ఒక్క అంగలో వచ్చి భర్త చెయ్యి పట్టుకుని లాగింది. "లేవండి! మీకు దణ్ణం పెడతాను, లేవండి!"

ఛీ, ఏం పిల్ల! మొగుడు నిమిషం సుఖపడితే ఓర్వలేదు. అత్తగారు అసహ్యంగా మొహం తిప్పుకుంది.

ముప్పై నాలుగేళ్లకే, ఆ కుర్చీలోంచే, మామగారిని నలుగురు మోసుకెళ్లారు.