షటిల్ వ్యాను

"ఏడు వారాలా?" అంది లూసీ.

కార్ల డీలరు సర్వీసు కౌంటరు వెనక కూర్చున్న తన్వి తల ఊపింది. ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు ముద్దుముద్దుగా వస్తుంది.

"అవును ఆంటీ. ఎలక్ట్రిక్ కార్స్ చూసే మెకానిక్ మా దగ్గర ఒక్కరే. లైన్ చాలా లాంగ్ ఉంది."

"అమ్మేటప్పుడు నలుగురు చుట్టూ మూగారు కదమ్మా. బాగు చెయ్యడానికి ఒక్కడేనా?"

తన్వి కంప్యూటర్ వైపు చూసింది.

లూసీ కారు చార్జింగ్ ఎక్కడం మానేసి రెండు రోజులైంది. టో బండి మీద తెచ్చి ఇక్కడ దించారు. తనకైతే ఇబ్బంది లేదు, ఆఫీసు పని ఇంట్లోంచే. ఇబ్బందల్లా భర్త దైవాశీర్వాదం గురించే. ఆయనకి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఒక్కరోజు తప్పినా కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. ఈ బాతెల్ ఊళ్ళో తమ చర్చివాళ్ళంతా మంచివాళ్ళే. కానీ పనిరోజుల్లో ఎవరి పని వాళ్ళది. వారానికి మూడుసార్లు ఎవర్నని అడుగుతుంది?

ఆ మాటలన్నీ కౌంటరు దగ్గర గట్టిగానే అనేసింది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు తలలెత్తి చూశారు.

"మీకివ్వడానికి వేరే కారు కూడా లేదు ఆంటీ. సారీ."

గోడ మీద బోర్డు కనపడింది లూసీకి. కస్టమర్లను ఇంటి దగ్గర దింపడానికి ఉచిత షటిల్ వ్యాను అని రాసుంది. ఇంకేమీ అడగకుండా విసురుగా బయటికి నడిచింది.

బయట సన్నగా వాన. ఆమె వెనకే ఒక పెద్దాయన తాళాలు పట్టుకుని వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. గుమ్మం ముందున్న పాత వ్యాను తలుపు తీశాడు.

"ఎటెళ్ళాలమ్మా?"

తెలుగు డ్రైవరే దొరికాడనుకుని లూసీ ఎక్కి వెనక సీట్లో కూర్చుంది.

"మీ పేరేంటండీ?"

"రాఘవులు. అమ్మా, నేనిక్కడ..."

"తర్వాత చెబుదురుగానీ, ముందు పోనివ్వండి. మావారికి పదకొండింటికి డయాలసిస్. ఇంటికెళ్ళి ఆయన్ని ఎక్కించుకుని సెంటర్లో దింపాలి. మూడింటికి మళ్ళీ రావాలి. కారు మీవాళ్ళే ఉంచుకున్నారు, ఆ మాత్రం చెయ్యరా?"

రాఘవులు అద్దంలోంచి ఆమె ముఖం చూశాడు.

"అట్నేలేమ్మా," అని బండి కదిలించాడు.

ఆ సాయంత్రం తన్వి ఫోన్ చేసింది.

"ఆంటీ, ఒక స్లాట్ ఖాళీ అయింది. మీ కారు టూ వీక్స్‌లో చేసేస్తారు."

లూసీ ఫోన్ పెట్టేసి భర్త వైపు తిరిగింది.

"చూశారా? గట్టిగా అడిగితేనే పనులౌతాయి. మీలాగా మెత్తగా ఉంటే ఏడు వారాలూ పడుండాల్సిందే."

రెండ్రోజుల తర్వాత వ్యానులో రాఘవులుకీ అదే చెప్పింది.

"మంచిదేగదమ్మా," అన్నాడాయన.

అలా రెండు వారాలు. సోమ, బుధ, శుక్రవారాలు వ్యాను వచ్చి వాకిట్లో ఆగేది. దైవాశీర్వాదం దిగేటప్పుడు రాఘవులు చంకలో చెయ్యేసి పట్టుకునేవాడు. ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుని నవ్వుకునేవారు.

ఒకరోజు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

"మనవరాల్ని బడి దగ్గర దింపి వచ్చేసరికి..." అన్నాడు రాఘవులు.

"ఇంటి పనులు డ్యూటీ టైములో పెట్టుకుంటే ఎట్లాగండీ? డయాలసిస్ వాళ్ళు మనకోసం ఆగుతారా?"

ఆయన దిగి దైవాశీర్వాదానికి వ్యాను తలుపు తీశాడు.

ఆవేళ దిగాక దైవాశీర్వాదం, "లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురు," అన్నాడు.

"ఆయనకి వేరే కస్టమర్లుంటారండీ," అంటూ లూసీ భర్తను లోపలికి నడిపించింది.

రెండో శుక్రవారం కారు బాగైంది. రాఘవులే ఆమెను తీసుకెళ్ళి డీలరు గుమ్మం ముందు దించాడు. థాంక్స్ చెప్పిందో లేదో లూసీకి గుర్తులేదు. కారు చార్జింగ్ ఎక్కుతోందా లేదా అన్న ధ్యాసలో ఉంది.

ఇంటికొచ్చాక ఫోన్లో సర్వే వచ్చింది. రిపేరుకి ఐదు స్టార్లు ఇచ్చింది. ఇతర సర్వీసులకి రెండు. కింద రాసింది: షటిల్ డ్రైవరు టైముకి రాడు.

సోమవారం తన్వి ఫోన్ చేసింది.

"ఆంటీ, మీ సర్వే చూశాను. షటిల్ అని రాశారు. ఏ షటిల్?"

"మీదేనమ్మా. పాత వ్యాను. రాఘవులు గారు."



"మాకు షటిల్ లేదు ఆంటీ. టూ ఇయర్స్ బ్యాక్ ఆపేశారు. బోర్డ్ తియ్యడం మర్చిపోయారు."

లూసీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి ఆయన రెండు వారాలూ వచ్చాడు కదమ్మా?"

"నాకు తెలీదు ఆంటీ. రాఘవులు అంకుల్ కూడా మా కస్టమరే. ఆ వ్యాన్ వాళ్ళ డాటర్‌ది. అందులోనే వచ్చి, తన కార్ గురించి అడిగి వెళ్ళేవారు."

"ఆయనతో ఒక్కసారి మాట్లాడాలి తల్లీ. నంబరు కూడా అడగలేదు నేను. మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇంక రారు ఆంటీ. మీ కార్ చేసిన రోజే మా మెకానిక్ జాబ్ మానేశాడు. కొత్తవాళ్ళు ఎప్పుడొస్తారో తెలీదు. అంకుల్ తన కార్‌ని రిపేర్ అవ్వకుండానే మొన్న టో చేసుకుని వెళ్ళిపోయారు."

"పాపం, ఇంకో వారం ముందు ఆయన వంతు వచ్చుంటే..."

"వచ్చింది ఆంటీ," అంది తన్వి. "సెవెన్ వీక్స్ వెయిట్ చేశాక తనకి వచ్చిన ఆ స్లాట్‌ని, మీరొచ్చిన రోజే మళ్ళీ కౌంటర్ దగ్గరికొచ్చి మీ పేరు మీద రాయించింది ఆయనే."